కరెంటు పోయిన నగరంలో జీతం లేని పోలీసులు

కరెంటు పోతే మనం ముందుగా కొవ్వొత్తి కోసం వెతుకుతాం. గంటో రెండు గంటలో ఓపిక పడతాం. కాని ఒక మహానగరమంతటా ఒక్కసారిగా కరెంటు ఆగిపోతే? పోలీసులకు అప్పుడు ఎవరు తోడు నిలుస్తారు? అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జరిగిన ఒక సంఘటన ద్వారా తెలుసుకుందాం.

2003 ఆగస్టు 14, గురువారం. ఒహాయో రాష్ట్రంలో అధిక వోల్టేజి తీగలు చెట్లకు తగిలి ఒక్కొక్కటే పనిచేయడం మానేశాయి. హెచ్చరించవలసిన కంప్యూటరు కూడా చెడిపోవడంతో కంట్రోలు రూములోని సిబ్బందికి సంగతి సకాలంలో తెలియలేదు. ఆగిన లైను భారం పక్క లైనుమీద పడింది. సాయంత్రం 4 గంటలు దాటాక అమెరికా ఈశాన్య ప్రాంతంలోనూ, కెనడాలోని ఆంటారియోలోనూ దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది.

న్యూయార్క్‌లో అది ఆఫీసులు వదిలే వేళ. భూగర్భ రైళ్లు సొరంగాల్లోనే ఆగాయి. లిఫ్టుల్లో మనుషులు చిక్కుకున్నారు. వీధుల్లో ట్రాఫిక్ దీపాలు ఆరిపోయాయి. పోలీసులందరినీ కూడళ్లలోనే నిలబెడితే మిగతా పనులు ఎవరు చేస్తారు?

ఇక్కడే ‘సహాయక పోలీసులు’ అక్కరకు వచ్చారు. యుద్ధం వస్తే పౌరులను కాపాడాలని 1950 దశకం మొదట్లో చేసిన ఏర్పాటు నుంచి ఈ దళం పుట్టింది. వీరు వేరే ఉద్యోగాలు, చదువులు ఉన్న మామూలు మనుషులు. వీరికి శిక్షణ ఇస్తారు. యూనిఫారం, లాఠీ, వైర్‌లెస్ సెట్టు ఉంటాయి. జీతం ఉండదు, తుపాకి ఉండదు. ఆ సాయంత్రం వీరు కూడళ్లలో నిలబడి, చేతి సైగలతో వాహనాలను ఆపి, నడిచి ఇళ్లకు పోతున్న జనాన్ని రోడ్డు దాటించారు. యూనిఫారం లేని పౌరులు కూడా కొందరు ఈ పనికి దిగారు. మెచ్చుకోవలసిందే. అయితే ముక్కూ మొహం తెలియని మనిషి చెయ్యెత్తితే డ్రైవరు ఎందుకు ఆగాలి? శిక్షణకు, యూనిఫారానికి ఉన్న విలువ ఇదే.

మరునాటి రాత్రికి నగరమంతటా దీపాలు వెలిగాయి. పెద్ద దోపిడీలు జరగలేదు. ఇదే నగరంలో 1977 జులై 13 రాత్రి పిడుగులు పడి కరెంటు పోయినప్పుడు 1,600కు పైగా దుకాణాలు దెబ్బతిన్నాయి, 3,700 మందికి పైగా అరెస్టయ్యారు. ఈ తేడా అంతా సహాయక పోలీసుల వల్లనే అనుకోకండి. 1977లో కూడా వారు ఉన్నారు. కాని అప్పుడు నగరం అప్పుల్లో ఉంది, నిరుద్యోగం ఎక్కువ. 1975లో వేలాది పోలీసులను ఉద్యోగాల నుంచి తీసివేశారు. పైగా కరెంటు పోయింది రాత్రిపూట.

ఆయుధం లేని సేవలో ప్రమాదం లేకపోలేదు. 2007 మార్చిలో ఇద్దరు సహాయక పోలీసులు ఒక దుండగుడి కాల్పుల్లో చనిపోయారు. ఆ తరవాత గాని, గుండ్లనుంచి కాపాడే కవచాలను అందరికీ ఇవ్వడానికి నగరం పూనుకోలేదు. ఇంత ఆలస్యం న్యాయం కాదు.

మన దేశంలో ఇలాంటి పనికి హోంగార్డులు ఉన్నారు. 1946లో బొంబాయిలో మొదలైన ఈ దళాన్ని 1962 యుద్ధం తరవాత పునర్వ్యవస్థీకరించారు. పేరుకు ఇది స్వచ్ఛంద సేవే. పని చేసిన రోజుకు భత్యం ఇస్తారు. మన ప్రాంతంలో చాలామందికి ఆ భత్యమే బతుకుతెరువు.

పాఠంలో ప్రశ్నలు
1. ఒహాయోలో తీగలు ఆగితే న్యూయార్క్‌లో కరెంటు ఎందుకు పోయింది?
2. సహాయక పోలీసులకు, మన హోంగార్డులకు మధ్య ఒక పోలిక, ఒక తేడా రాయండి.
3. జీతం లేనివారిని ప్రమాదమున్న పనికి పంపవచ్చా? మీ అభిప్రాయం ఐదు వాక్యాల్లో రాయండి.