మంచి చోటును ఖాళీగా వదులు

అమ్మీ,

సముద్రం ముఖం ఎరగని ప్రొద్దుటూరు పిల్లనని దిగులెందుకు? సముద్రపు గట్టు మీద ఇంటికి నువ్వు గీసిన ప్లానులో లోపం అది కాదు. ఇంటిని గట్టు అంచుదాకా నెట్టి, ముందు గోడంతా అద్దం పెట్టినావే, దానికి నాకు కోపం వచ్చింది.

నువ్వు నమూనాగా తీసుకున్న, అమెరికా డిజైనర్లు ఈమ్స్ దంపతుల ఇల్లే చూడు. కాలిఫోర్నియాలో పసిఫిక్ కనబడే కొండగట్టు మీద 1949లో కట్టుకున్నారు. దాంట్లోంచి ఇనుప చట్రం, అద్దాలు నేర్చుకున్నావు, అసలు సంగతి వదిలేసినావు. మొదటి ప్లానులో ఆ ఇల్లు పచ్చిక మీదికి వంతెనలా చాచుకొని సముద్రాన్ని చూస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఇనుము రావడం ఆలస్యమైంది. ఆలోపు మొగుడూ పెళ్లామూ ఆ పచ్చికలోనే కూర్చుంటూ, తింటూ కాలం గడిపినారు. ఇనుము దిగేసరికి ఆ చోటును చెరపడానికి మనసు రాలేదు. అదే ఇనుముతో ఇంటిని కొండవారకు జరిపి, యూకలిప్టస్ చెట్ల వెనక కట్టుకున్నారు.

నేను జీవితమంతా నమ్మిన సూత్రమూ ఇదే. స్థలంలో అన్నిటికన్నా మంచి చోటు మీద ఇల్లు కట్టకూడదు. కట్టినావంటే ఆ చోటు నీ గచ్చు కిందికి పోతుంది. జమ్మలమడుగు పోయే ప్రతివాడూ గండికోట లోయ అంచున బండల మీద ఎందుకు కూర్చుంటాడు? అక్కడ ఎవరూ మిద్దె లేపలేదు కాబట్టి.

ఇక అద్దం సంగతి. పాండిచ్చేరి అరవిందాశ్రమానికి గోల్కొండ అనే వసతిగృహం ఉంది, సముద్రానికి దగ్గరే. నిజాం రాజ్యం సొమ్ముతో కట్టినందుకు ఆ పేరు. దాన్ని గీసిన ఆంటొనిన్ రేమండ్ గోడ పొడవునా తిప్పుకొనే పలకలు పెట్టినాడు. ఎండ ఆగుతుంది, గాలి ఆడుతుంది. అద్దపు గోడ పెట్టి, పులివెందుల ఎండలో మే నెల మధ్యాహ్నం దాని వెనక కూర్చొని చూడు, నేను చెప్పక్కర్లేదు.

నీ ఉత్తరంలో మన మిద్దెల గురించి రాయడానికి సిగ్గుపడినట్టున్నావు. ఆ ఈమ్స్ దంపతులే 1958లో మన దేశం తిరిగి, మన చెంబును మెచ్చుకుంటూ నివేదిక రాసినారు. అహ్మదాబాదు డిజైన్ సంస్థకు పునాది అదే. చెంబుకు లేని సిగ్గు మిద్దెకు ఎందుకు? నేలకు కడప బండలు వెయ్యి, లోపలా వరండాలోనూ ఒకే మట్టంలో.

ముందు ఇంటిని వెనక్కి జరుపు. అద్దం లెక్క తర్వాత. మళ్లీ గీసి పంపు.

మీ మామ