జార్జియా వైను: వెళ్లొచ్చిన పెద్దాయన మాటలు

1. సీసా మీది పేరు ద్రాక్ష రకం అనుకోకండి. జార్జియాలో అది చాలాసార్లు ఊరి పేరు. ముకుజానీ, కిండ్జ్‌మరౌలీ రెండింటికీ సపెరావీ అనే నల్లద్రాక్షే వాడతారు. మొదటి దాంట్లో తీపి ఉండదు, రెండోది కాస్త తియ్యన. దేశవాళీ రకాలు 500 పైనే. ఎర్రదానికి సపెరావీ, తెల్లదానికి ర్కాట్సితెలీ గుర్తుంటే చాలు, తక్కినవి మెల్లగా వస్తాయి.

2. కహేతీ ప్రాంతానికి వెళ్లి క్వెవ్రీ కాగులు చూడకుండా రావద్దు. మరానీ అనే గదిలో నేలమీద మూతులే కనిపిస్తాయి. కింద మనిషి దిగి కడిగేటంత మట్టికాగులు, లోపల తేనెమైనం పూత. తెల్లద్రాక్షను కూడా తొక్కలు, గింజలతో సహా అందులో పోసి, పులిశాక మూసి, ఐదారు నెలలు వదిలేస్తారు. భూమి చల్లదనం పులియడాన్ని అదుపులో ఉంచుతుంది. తొక్కల్లోంచి రంగు, వగరు దిగి వైను తేనెరంగుకు వస్తుంది. 2013లో యునెస్కో ఈ పద్ధతిని వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే అక్కడి వైనంతా ఇలాంటిదే అని నమ్మించే గైడు మాట వినకండి. ఎక్కువ భాగం స్టీలు ట్యాంకుల్లోదే.

3. తేనెరంగు వైను ఫ్రిజ్‌లోంచి తీసీ తీయగానే తాగితే వగరు తప్ప ఏమీ తెలియదు. కాసేపు బయట పెట్టండి. అక్రోటు ముద్ద పెట్టి చుట్టిన వంకాయ ముక్కతో తాగండి. వంకాయంటే పడిచచ్చే మనవాళ్లకు ఇంతకంటే మంచి పరిచయం నాకు తోచలేదు.

4. సుప్రా అనే విందులో తమదా పెద్ద. ఆయన చనిపోయినవాళ్లను, పిల్లలను, వచ్చిన అతిథిని తలచుకుంటూ మాట్లాడతాడు. మాట ముగిశాకే గ్లాసు ఎత్తాలి. నా వయసువాళ్లు ప్రతిసారీ గుక్కెడుతో సరిపెట్టుకోవాలి.

5. ఈ మధ్యే ఈ వైనును కనిపెట్టినట్టు మాట్లాడేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. రాజధాని టిబిలిసికి దక్షిణాన మట్టిపెంకుల్లో దొరికిన ద్రాక్షసారా ఆనవాళ్లు సుమారు 8 వేల ఏళ్లనాటివని 2017లో తేల్చారు. బయటివాళ్లకు ఈ వైను ఈ మధ్య తెలియడానికి ఒక కారణం వ్యాపారపు దెబ్బ: 2006లో రష్యా దిగుమతి ఆపేసింది, 2013 దాకా తెరవలేదు. పెద్ద గిరాకీ పోయి, వాళ్లు నాణ్యత పెంచుకుని వేరే దేశాల తలుపులు తట్టారు.

6. టిబిలిసిలో మెడిసిన్ చదివే పిల్లల్ని చూడబోయే అమ్మానాన్నలకు: తిరుగు ప్రయాణంలో మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేదు. తాగనివాళ్లకు చుర్చ్‌ఖెలా తెండి, దారానికి గుచ్చిన అక్రోట్లను చిక్కటి ద్రాక్షరసంలో ముంచి ఆరబెట్టినది. మా ఇంట్లో సీసా కంటే ముందు అదే అయిపోయింది.