తక్కువ ఖర్చులో మంచి లెన్సు

ప్రశ్న: నాన్నగారి పెంటాక్స్ కే1000 ఫిల్ము కెమెరా బాగానే పనిచేస్తోంది గానీ, లెన్సు పాడైంది. చదువుకుంటున్నాను, ఎక్కువ పెట్టలేను. ఏది కొనమంటారు?
– ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: జూమ్‌ల జోలికి వెళ్లకండి. పాత పెంటాక్స్-ఎం 50 ఎంఎం ఎఫ్/2 లెన్సు మీకు చాలు. ఒకప్పుడు కే1000తో పాటే అమ్మేవారు కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. ఎఫ్/1.4 లెన్సు ఒక స్టాప్ వెలుతురు ఎక్కువిస్తుంది, ధరా ఎక్కువే. 200 ఫిల్ముకు బదులు 400 ఫిల్ము వేస్తే ఆ లోటు తీరిపోతుంది.

కొనేముందు వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి అద్దాల్లోకి చూడండి. సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. కొద్దిపాటి దుమ్ముతో ఫొటోకు నష్టం లేదు. తర్వాత ఎపర్చర్ రింగును ఎఫ్/22 దగ్గర పెట్టి, వెనకున్న చిన్న మీటను జరిపి వదలండి. బ్లేడ్లు టక్కున మూసుకోవాలి. బద్ధకంగా కదిలితే వాటికి నూనె పట్టినట్టే.

ఎపర్చర్ రింగు లేని డిజిటల్ కాలపు లెన్సు చౌకగా వచ్చినా తీసుకోవద్దు. కెమెరాకు బిగుస్తుంది గానీ ఎపర్చర్ మార్చుకోలేరు.

మిగిలిన డబ్బు ఫిల్ముకూ, దాన్ని కడిగించడానికీ ఉంచుకోండి. చెయ్యి తిరిగేది ఫొటోలు తీస్తేనే.