ముందు చేప, ఆ తరవాతే తొట్టి

ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునే కుర్రవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "ఎంత తొట్టి కొనమంటారు?" ఏ చేపలు పెంచుదామనుకుంటున్నారని తిరిగి అడుగుతాను. చాలామంది దగ్గర జవాబుండదు. విశాఖలో పుట్టి పెరిగినవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదలుపెట్టి, ఈ వయసుదాకా ఇంట్లో సముద్రపు చేపలను సాకుతూనే ఉన్నాను. బతికినవాటికన్నా నా చేతుల్లో పోయినవాటి దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ. అవే కారణాలతో మరొకరి ఇంట్లో మరో చేప పోకూడదని ఇవి రాస్తున్నాను.

1. ఎదిగిన చేపను ఊహించుకుని తొట్టి కొనాలి.

దుకాణంలో బ్లూ ట్యాంగ్ బొటనవేలంత ఉంటుంది. నీలం ఒంటి మీద నల్లటి పట్టీ, పసుపు తోక. 2003లో 'ఫైండింగ్ నీమో' సినిమా వచ్చాక ఆ చేపను ఇష్టపడని పిల్లలు లేరు. అది ఎదిగితే 30 సెంటీమీటర్లవుతుంది. పగడపు దిబ్బల వెంట రోజంతా ఈదడం దాని స్వభావం. ఆరడుగుల తొట్టి కూడా దానికి కనీసపు చోటే. నేను మూడడుగుల తొట్టిలో పెంచాను. పెద్దదయ్యాక మారుద్దాంలే అనుకున్నాను. అది పెరుగుతూనే ఉంది, నేను ఏదో ఒక ఖర్చు సాకుతో వాయిదా వేస్తూనే ఉన్నాను. అద్దం వెంబడి అటూ ఇటూ తిరిగి తిరిగి, ముఖం మీద చర్మం గుంటలు పడి, రంగు వెలిసి, ఒక వేసవిలో పోయింది. సరిగ్గా చూసుకుంటే ఇరవై ఏళ్లదాకా బతకగల చేప అది. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

అదే సినిమాలోని క్లౌన్ చేప సంగతి వేరు. ఎదిగినా పది సెంటీమీటర్లు అటూ ఇటూ, తన చోటు వదిలి దూరం పోదు. నూరు లీటర్ల నీళ్లలో ఒక జంట హాయిగా ఉంటుంది. కాబట్టి ముందు ఒక కాగితం మీద మీకు కావలసిన చేపల పేర్లు రాయండి. ఒక్కొక్కదాని పక్కన ఎదిగాక దాని పొడవెంతో, అది తిరిగే చేపో ఒకచోట ఉండే చేపో రాయండి. తొట్టి కొలత ఆ కాగితం చెప్పాలి.

2. తొట్టి చిన్నదైనకొద్దీ పని పెద్దదవుతుంది.

కొత్తవాళ్లకు చిన్నదే మంచిదనే సలహా అన్నిచోట్లా వినిపిస్తుంది. మంచినీటి చేపలకు అది కొంతవరకు నడుస్తుందేమో. ఉప్పునీటికి మాత్రం తలకిందులు. తొట్టిలోంచి ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న 40 లీటర్ల తొట్టిలో రెండు లీటర్లు ఆవిరైతే ఆ అంకె 37 దగ్గరికి ఎగబాకుతుంది. 250 లీటర్ల తొట్టిలో పైతలం ఎక్కువ కనుక ఏడు లీటర్లు పోయినా 36 దగ్గరే ఆగుతుంది. వారం ఊరికి వెళ్లొచ్చేసరికి తేడా మీకే తెలుస్తుంది. తగ్గిన మేరకు ఆర్ఓ నీరే పోయాలి, ఉప్పు కలిపిన నీరు కాదు.

ఉప్పునీటికి మరో రెండు కష్టాలున్నాయి. 25 డిగ్రీల దగ్గర మంచినీరు లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ పట్టుకుంటే, సముద్రపు నీరు 7 లోపే పట్టుకుంటుంది. వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. మన మే నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పైగా సముద్రపు నీటి పీహెచ్ 8 దాటి ఉంటుంది. ఆ స్థాయిలో అమ్మోనియా విషం పదునెక్కుతుంది. మంచినీటి తొట్టిలో చేప తట్టుకునే తప్పు ఇక్కడ తట్టుకోదు.

మొదటి తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉండాలని నా గట్టి అభిప్రాయం. లెక్కకు 255 లీటర్లు. రాళ్లు, ఇసుక పోను 200 చిల్లర మిగులుతాయి. ఎత్తు తగ్గినా పరవాలేదు, పొడవు వెడల్పులు తగ్గకూడదు. చేప ఈదేది అడ్డంగా, గాలి కలిసేది పైతలంలో. అంతా కలిపి బరువు 300 కిలోలు దాటుతుంది కనుక అపార్ట్‌మెంటులో అయితే గది మధ్యలో కాకుండా, కింద దూలం ఉన్న గోడ పక్కన పెట్టించండి.

3. చేప కంటే ముందు నీరు సిద్ధం కావాలి.

అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పరీక్షల్లో మొదటి రెండూ సున్నా చూపించేదాకా చేపను తేకండి. సముద్రం పక్కనే ఉంది కదా అని డబ్బాలతో నీళ్లు తెచ్చుకునే అలవాటు మా ఊళ్లో ఉంది. వర్షాకాలం తరవాత నదులు మోసుకొచ్చిన నీటితో బంగాళాఖాతం పైనీటి ఉప్పదనం బాగా పడిపోతుంది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరుతో చూడకుండా ఆ నీరు పోయకండి.

4. మొదట చేరినదే ఇంటి యజమాని.

రుషికొండ వైపు ఆటు సమయంలో రాళ్ల మధ్య గుంటల్లో పసుపు, నలుపు చారల చిన్న చేపలు కనిపిస్తాయి. డామ్సెల్ కుటుంబానివి, ఇంగ్లీషులో సార్జెంట్ మేజర్ అంటారు. రూపాయి ఖర్చు లేకుండా దొరికిందని ఒకదాన్ని తెచ్చి కొత్త తొట్టిలో వేశాను. గట్టి ప్రాణం, బతికింది. ఆరు నెలల్లో తొట్టి మొత్తం తనదే అనుకుంది. ఆ తరవాత తెచ్చిన ప్రతి చేపనూ తరిమి, రెక్కలు కొరికి, మూలకు నెట్టింది. ఫైర్‌ఫిష్ అనే సన్నటి, బెరుకు చేప ఒకటి ఆ భయానికి రాత్రికి రాత్రి పైకెగిరి నేల మీద పడి చనిపోయింది. చారల చేపను పట్టుకుందామంటే రాళ్లలోకి దూరిపోతుంది. చివరికి రాళ్లన్నీ తీసి, నెలల తరబడి కుదిరిన తొట్టిని చెదరగొడితే గానీ దొరకలేదు.

చేపల పొత్తులో జాతి ఎంత ముఖ్యమో, వరస అంత ముఖ్యం. బెరుకువి ముందు, దుడుకువి చివర. గోబీ, ఫైర్‌ఫిష్, బ్లెన్నీ లాంటివి వచ్చి చోట్లు చూసుకున్నాక, అందరికంటే ఆఖర్న క్లౌన్ జంట. మధ్యమధ్య మూడు నాలుగు వారాలు ఆగాలి. ఒకే ఆకారం, ఒకే రంగు, ఒకే తిండి ఉన్న రెండు జాతులను కలపకండి, అవి ఒకదాన్నొకటి పోటీగానే చూస్తాయి. కొత్తదాన్ని వేసే రోజు రాళ్లు కాస్త అటూ ఇటూ మార్చి పెడితే పాతవాటి హద్దులు చెరిగి, కొత్తదానికి నిలదొక్కుకునే వ్యవధి దొరుకుతుంది. తొట్టికి మూత తప్పనిసరి.

5. నోట్లో పట్టేదంతా తిండే.

లయన్ ఫిష్ ఎవరితోనూ కొట్లాడదు. అందుకే శాంతమైనదని పొరబడతాం. తన నోట్లో పట్టే ప్రతి చేపనూ ఒక్క గుటకలో మింగుతుంది, ఆ నోరు మనం అనుకున్నదానికన్నా పెద్దది. దాని వెన్నుముళ్లు విషం, తొట్టిలో చెయ్యి పెట్టేటప్పుడు జాగ్రత్త. ట్రిగ్గర్, పఫర్ చేపలు రొయ్యలను, పీతలను బతకనివ్వవు. వీటిలో ఏది నచ్చినా దానికే ఒక తొట్టి కేటాయించండి.

6. జంట అంటే రెండే.

క్లౌన్ చేపలన్నీ మగవిగా పుడతాయి. గుంపులో పెద్దది ఆడదవుతుంది. రెండు పిల్ల చేపలను కలిపి తెస్తే జత వాటంతట అదే కుదురుతుంది. ముచ్చటగా ఉందని మూడోదాన్ని చేరిస్తే దాని ప్రాణానికే ముప్పు. బాంగై కార్డినల్ చేపలదీ ఇదే పద్ధతి: అయిదారింటిని తెచ్చినా కొన్నాళ్లకు ఒక జంటే మిగులుతుంది. క్లౌన్‌కి ఎనిమోన్ అనే సముద్రజీవి తోడుగా ఉండి తీరాలన్నది అపోహ. కొత్త తొట్టిలో ఎనిమోన్ నిలవదు, కుళ్లితే నీరంతా పాడవుతుంది.

7. ఖాళీగా వదిలిన చోటే ఆపదలో ఆదుకుంటుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి మీద పడింది. కరెంటు రోజుల తరబడి లేదు. పంపులు ఆగాయి, నీరు కదలడం ఆగింది. అప్పటికి నా తొట్టి కిక్కిరిసి ఉండేది. ఫిల్టరూ ప్రోటీన్ స్కిమ్మరూ బలంగా ఉన్నాయి కదా, ఇంకొకటి పడుతుందిలే అనే ధీమా. చెంబుతో నీళ్లు ఎత్తిపోస్తూ రాత్రంతా కూర్చున్నాను. ముందు పెద్దవి పైకి తేలాయి. వాటిని తీసేలోపు అమ్మోనియా పెరిగి చిన్నవీ పోయాయి. నా మిత్రుడొకరి ఇంట్లో అంతే తొట్టి, చేపలు మాత్రం నాలుగే. ఆయనా అదే పని చేశాడు, ఆయన చేపలు నాలుగూ దక్కాయి.

యంత్రాల బలం చూసుకుని చేపలను లెక్కవేయకూడదని అప్పుడు తెలిసింది. యంత్రాలన్నీ ఆగిన పూట ఆ నీరు ఎన్నింటికి ఊపిరివ్వగలదో అన్నే పెట్టాలి. 200 లీటర్ల నీటికి చిన్న చేపలు అయిదారు చాలు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఎక్కడో దూరంలో ఉన్న దుకాణంలో కాదు, తుపాను హెచ్చరిక రాకముందే మీ ఇంట్లో ఉండాలి.

8. దొరికిందల్లా తెచ్చుకోవడానికి లేదు, వద్దనుకున్నది వదిలేయడానికీ లేదు.

సముద్రగుర్రాలకు, పగడాలకు మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఎవరైనా చాటుగా ఇస్తామన్నా తీసుకోకండి. చట్టం అభ్యంతరం లేని వాటిలోనూ కొన్ని మన ఇళ్లకు పనికిరావు. మాండరిన్ చేప రాళ్ల మీది కంటికి కనిపించీ కనిపించని జీవులనే ఏరుకు తింటుంది. సముద్రంలో పట్టినది అయితే కొత్త తొట్టిలో ఎంత మేత వేసినా ఎండిపోయి చనిపోతుంది. క్లౌన్ చేపలను మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ హేచరీల్లోనే పుట్టించి పెంచగలిగింది. అలా తొట్టిలో పుట్టినవి దొరికితే వాటినే అడగండి. గుళికల మేతకూ, అద్దం గోడలకూ అలవాటుపడి ఉంటాయి, సముద్రం నుంచి ఒక చేప తగ్గదు.

ఇక ఇమడని చేపను బీచికి తీసుకెళ్లి వదిలేద్దామనే ఆలోచన వస్తుంది. నాకూ వచ్చింది. తొట్టిలో అంటుకున్న రోగాలు దానితోపాటే సముద్రానికి పోతాయి. అది ఆ చోటి చేప కాకపోతే నష్టం ఇంకా పెద్దది. మన సముద్రాల లయన్ ఫిష్ 1985లో ఫ్లోరిడా తీరంలో కనిపించింది. అక్వేరియంల నుంచి వదిలేసినవే మూలమని శాస్త్రవేత్తల అభిప్రాయం. ఇవాళ కరీబియన్ అంతటా అక్కడి చిన్న చేపలను అది తినేస్తోంది. అందుకని కొనేముందే ఆ చేప మీ దగ్గర ఇమడకపోతే ఎక్కడికి వెళ్తుందో తేల్చుకోండి. దుకాణంవాళ్లు తిరిగి తీసుకుంటామంటే సరే. లేకపోతే పెద్ద తొట్టి ఉన్నవాళ్లు ఎవరైనా ఒప్పుకున్నాకే డబ్బు చెల్లించండి.