పెరటితోటలో ముందస్తు బ్రొకోలి: వల క్రింద సాగు

బ్రొకోలి కాలీఫ్లవరుకు దగ్గరి జాతి. మనము తినునది దాని విచ్చని ఆకుపచ్చ మొగ్గల గుత్తిని, లేత కాడను. ఇది చలికాలపు పంట. గుత్తి కట్టునపుడు వాతావరణము 15 నుండి 20 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఉన్న మేలు. ఎండ హెచ్చైనచో గుత్తి వదులై, నడుమ ఆకులు పొడుచుకొని వచ్చును.

కావున ముందస్తు పంటకు ఒక హద్దు కలదు. వల లేత నారును ఎండవానల నుండి కాపాడునే గాని వేసవిని చలికాలముగా మార్చజాలదు. తెలంగాణ మెట్ట ప్రాంతములలో ఆగస్టు నడుమ విత్తి, సెప్టెంబరు నడుమ నాటినచో గుత్తులు నవంబరు, డిసెంబరు చలిలో కట్టును. జూలైలోనే తొందరపడి విత్తినవారు ఆకులనే కోయవలసి వచ్చును. కోస్తాలో చలి ఆలస్యముగా వచ్చును గనుక అచ్చట మరికొన్ని దినములు ఆగవలెను.

నారుమడి: మీటరు పొడవు, మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు గల మడి చాలును. నీరు నిలిచినచో నారుకుళ్ళు తెగులు ఒక్క రాత్రిలో మడిని తుడిచిపెట్టును. గింజలను ట్రైకోడెర్మా పొడితో కలిపి, 10 సెంటీమీటర్ల ఎడముగల వరుసలలో ఒక సెంటీమీటరు లోతున పలుచగా విత్తుడు. 60 గింజలు చాలును. సగము ఇప్పుడు, సగము 15 దినములకు విత్తినచో కూర అంతయు ఒక్కసారే కోతకు రాదు.

కప్పు: వెదురు బద్దలను విల్లువలె వంచి గ్రుచ్చి, పైన 50 శాతము నీడనిచ్చు షేడ్‌నెట్, చుట్టును సన్నకన్నుల నైలాను వల కట్టుడు. జడివానలో పైన మాత్రమే పాలిథీను పరచుడు. ప్రక్కలు మూసినచో లోపల ఆవిరి పట్టి నారు ఉడికిపోవును. నాటుటకు వారము ముందు నుండి షేడ్‌నెట్‌ను దినదినము కొంచెము హెచ్చుసేపు తొలగించి నారును ఎండకు అలవాటు చేయుడు.

నాటుట: 3 మీటర్ల చదరపు మడికి 20 కిలోల చివికిన పశువుల ఎరువు కలుపుడు. క్రిందటి పైరు క్యాబేజి గాని, కాలీఫ్లవరు గాని అయిన చోట నాటరాదు. 25 నుండి 30 దినముల నారును 45 సెంటీమీటర్ల ఎడమున సాయంకాలము నాటుడు. ఇట్లు 36 మొక్కలు పట్టును. ముదిరిన నారు నాటినచో గుత్తులు గుండీలంతయే అగును.

ఈ పైరుకు పెద్ద శత్రువు డైమండ్ రెక్కల పురుగు. నాటిన నాడే మడిపై నైలాను వల కప్పి, అంచులను మట్టితో పూడ్చుడు. బీర, సొర పాదులపై వల కప్పినచో తేనెటీగలు రాక పిందె పట్టదు. బ్రొకోలికి ఆ చిక్కు లేదు. మొగ్గ విచ్చకముందే కోయుదుము గనుక కోత వరకు వల ఉంచవచ్చును. ఆకు వలను తాకకుండ చూడవలెను. తాకిన చోట పురుగు బయటి నుండియే గ్రుడ్లు పెట్టును. వారమున కొకసారి వల ఎత్తి, ఆకుల అడుగుభాగమును చూచి, పురుగులను ఏరివేయుడు. ఇంటిల్లిపాది తిను కూరకు మందు చల్లు పని తప్పును.

కోత: నాటిన 60 నుండి 80 దినములకు గుత్తి బిగువుగా నుండగనే, 10 సెంటీమీటర్ల కాడతో ఉదయము కోయుడు. పసుపు రేకులు కనిపించినచో అదను తప్పినట్లే. కోసిన మొక్కను పీకివేయకుడు. నీరు కట్టి కొంచెము ఎరువు వేసినచో ప్రక్క పిలకలకు చిన్న గుత్తులు వచ్చి, మరికొన్ని వారములు కూరకు అక్కరకు వచ్చును.