మూడు గ్లాసుల పాలు, ఒక నోటుపుస్తకం

బడులు తెరిచాక మన సభ్యుల ఇళ్ళలో ఒక మాట తరచు వినిపిస్తుంది. "ఇంట్లో ఏదైనా ప్రయోగం చేసి వ్రాసుకు రమ్మన్నారు, ఏం చేయను?" అని పిల్లలు అడుగుతారు. "మాకేం తెలుసు, మీ మాస్టారినే అడుగు" అని పెద్దలు తప్పించుకుంటారు. పాడి ఉన్న ఇంట్లో అలా అనవలసిన పని లేదు. రోజూ రాత్రి మనం పాలకు తోడు పెట్టడమే చక్కని ప్రయోగం. దానిని ఎలా చేయాలో, చేసినదానిని ఎలా వ్రాయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా చేసే విధానం. మూడు గ్లాసులను వేడినీళ్ళతో కడిగి, 1, 2, 3 అని కాగితం ముక్కలు అతికించండి. పాలు బాగా కాచి మూడింటిలోనూ సమానంగా పోయండి. వేడి పాల పని పెద్దవారే చేయాలి. రెండవ గ్లాసులో పొగలు కక్కుతున్నప్పుడే అరచెంచా పెరుగు వేయండి. మిగిలిన రెండూ గోరువెచ్చగా, అంటే సుమారు 40 డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లారేవరకు ఆగండి. అప్పుడు మొదటి గ్లాసులో అరచెంచా పెరుగు వేసి కలపండి. మూడవ దానిలో ఏమీ వేయవద్దు. మూడింటికీ మూతలు పెట్టి ఒకేచోట ఉంచండి.

ఇక్కడ గమనించవలసిన సూత్రం ఒకటుంది. మొదటి గ్లాసుకూ రెండవదానికీ తేడా వేడి ఒక్కటే. మొదటిదానికీ మూడవదానికీ తేడా తోడు ఒక్కటే. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది దేనివలన జరిగిందో చెప్పలేము.

ఇక వ్రాయడం. పేజీలో ఐదు శీర్షికలు చాలు.

1. ఉద్దేశము: పాలు తోడుకోవడానికి ఏవి అవసరమో తెలుసుకొనుట.
2. కావలసిన వస్తువులు: పాలు, పెరుగు, గ్లాసులు, చెంచా. ఎంతెంతో కూడా వ్రాయాలి.
3. చేసిన విధానము: చేసిన వరుసలోనే, గడియారం చూసి వేళలతో సహా.
4. పరిశీలన: కంటికి కనిపించినది మాత్రమే. "బాగా వచ్చింది" అనరాదు. "గ్లాసు వంచితే కదలలేదు, పైన కొద్దిగా నీరు తేలింది" అని వ్రాయాలి.
5. నిర్ణయము: పరిశీలనను బట్టి మనకు తెలిసినది.

వీటిలో నాలుగవదే కష్టం. మా అనుభవం ఒకటి చెబుతాము. మా ఇంట్లో ఏడవ తరగతి చదివే అమ్మాయి ఈ ప్రయోగమే చేసింది. రాత్రి 8 గంటలకు తోడు పెట్టింది. 10 గంటలకు చూస్తే మూడూ పాలలాగే ఉన్నాయి. ఉదయం 6 గంటలకు మొదటి గ్లాసు గట్టిగా తోడుకుంది. రెండవది పలచగానే ఉంది. తోడు వేయని మూడవ గ్లాసు కూడా మెత్తగా తోడుకొని కూర్చుంది!

పిల్ల ముఖం చిన్నబోయింది. "మూడోదాంట్లో మార్పు లేదనే వ్రాసేస్తాను నాన్నా, అలాగే కదా రావాలి" అంది. వద్దమ్మా, కనిపించిందే వ్రాయమన్నాము. ఇంతలో వాళ్ళమ్మ వంటింట్లోనుంచి, "మూడో గ్లాసును దేనితో కలిపావే?" అని అడిగింది. మొదటి గ్లాసు కలిపిన చెంచాతోనే, కడగకుండా, దానినీ ఒకసారి తిప్పిందట. చెంచాకు అంటిన ఆ కాస్త పెరుగే తోడు అయింది.

మరునాడు వేరే చెంచా వేడినీళ్ళలో ముంచి తీసి మళ్ళీ చేసింది. ఈసారి ఉదయానికి మూడవ గ్లాసులో పాలు పాలలాగే ఉన్నాయి. రెండు రోజుల సంగతీ పుస్తకంలో ఉన్నదున్నట్లు వ్రాసింది. మొదటిరోజు తప్పు వ్రాయకపోతే రెండవరోజు నేర్చుకున్నది ఆ పుస్తకంలోకి వచ్చేది కాదు.

కారణం ఏమిటంటే, పెరుగులో కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయి. అవి పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లం పెరిగేకొద్దీ పాలలోని మాంసకృత్తు గడ్డకట్టి పెరుగవుతుంది. పుల్లని పాలనుండి ఈ ఆమ్లాన్ని 1780లో షీలే అనే శాస్త్రజ్ఞుడు వేరుచేశాడు. అది తయారుకావడం సూక్ష్మజీవుల పనేనని 1857లో లూయీ పాశ్చర్ తెలిపాడు. మరీ వేడి పాలలో ఆ జీవులు చాలావరకు చనిపోతాయి. రెండవ గ్లాసు తోడుకోకపోవడానికి అదే కారణం.

ఇప్పుడు మన క్యాను సంగతి చూద్దాం. గేదె పొదుగునుండి వచ్చే పాలు గోరువెచ్చగా ఉంటాయి, అంటే మొదటి గ్లాసులోని పాలవంటివే. క్యాను మూత అంచున, మెడ దగ్గర నిన్నటి పాల జిడ్డు మిగిలితే అది కడగని చెంచా వంటిది. మనం తెలియకుండానే పాలకు తోడు పెడుతున్నామన్నమాట. అనుమానం వచ్చినప్పుడు సంఘంలో కొద్దిపాలు పరీక్ష నాళికలో పోసి మరిగే నీటిలో ఉంచి చూస్తారు. విరిగితే ఆ పాలు తిరిగి వస్తాయి, ఆ పూట రాబడి పోతుంది. చూడకుండా కలిపేస్తే ఒక ఇంటి పుల్లని పాలు పదిళ్ళ పాలను చెడగొడతాయి.

అందుచేత పాలు పోసి రాగానే క్యానును ముందు చన్నీళ్ళతో తొలచండి. తరువాత చాకలిసోడా కలిపిన వేడినీళ్ళతో, బ్రష్షుతో మూత అంచులు కూడా తోమండి. చివరకు మంచి వేడినీళ్ళు పోసి, బోర్లించి ఎండలో ఆరబెట్టండి. పాలు పితికిన తరువాత నీడన ఉంచి ఆలస్యం చేయకుండా సంఘానికి తీసుకురండి.

సంఘాల కార్యదర్శులకు మా మనవి. పాలు పోయడానికి వచ్చే పిల్లలకు ఈ పాఠం చదివి వినిపించండి. పాలు తిరిగి వచ్చిన రోజున దానిని రిజిస్టరులో కారణంతో సహా వ్రాయండి, దాచకండి. ఆ పేజీయే రేపటి పాలను కాపాడుతుంది.