పడవ మోటారు వేడెక్కుట: కారణములు, పరీక్షలు

గోదావరి లంకలలో సేద్యము చేయు రైతునకు బండి యెంత యవసరమో పడవయు నంత యవసరము. అరటిగెలలు, కూరగాయలు ఈవలి యొడ్డునకు రావలెను. ఎరువు బస్తాలు ఆవలి యొడ్డునకు పోవలెను. గడను, తెడ్డును నమ్మియుండిన పడవలలో కొన్నింటికి ఇప్పుడు వెనుక కొసను తగిలించు చిన్న మోటారులు వచ్చినవి. వేసవిలో నది సన్నగిల్లియున్నపుడు ఇట్టి మోటారు నడియేట ఆగిపోయినను గడతో ఒడ్డు చేరవచ్చును. వరద వచ్చినపుడు గడ అందదు, తెడ్డు ఆగదు. కావున మోటారు ఏల వేడెక్కునో, వేడెక్కుచున్నదని ముందుగా నెట్లు తెలియునో పడవ నడుపు ప్రతివాడును ఎఱిగియుండవలెను. మెకానిక్కు పట్టణమున నుండును. ప్రమాదము నదిలో జరుగును.

మోటారుకారునకు నీరు పోయు రేడియేటరు కలదు. పడవ మోటారునకు అది లేదు. నదియే దాని తొట్టి. నీటిలో మునిగియుండు కాలివంటి భాగమునకు ప్రక్కలను సన్నని చీలికలు గల జల్లెడ యుండును. నీరు దానిగుండ లోనికి వచ్చును. పంకాను త్రిప్పు గేర్లకు పైగా, నిలువుకడ్డీకి తొడిగి ఒక రబ్బరు చక్రము అమర్పబడియుండును. దీనిని ఇంపెల్లరు అందురు. రబ్బరు రేకులు గల యీ చక్రము తన గిన్నెలో ఒక ప్రక్కకు ఒరిగి తిరుగుచుండుటచే రేకులు వంగుచు, విచ్చుకొనుచు నీటిని పైకి నెట్టును. ఆ నీరు సన్నని గొట్టము వెంట ఎక్కి, సిలిండరు చుట్టునుగల దారులలో తిరిగి, వేడిని పుచ్చుకొని, పొగతోగూడ క్రిందికి దిగి నదిలో కలియును. అందులో కొంచెము మాత్రము మోటారు వెనుకనున్న చిన్న రంధ్రమునుండి ధారగా పడును. దీనిని మనము సాక్షిధార యందము. రెండు గుఱ్ఱపుబలముల మోటారులలో గాలితో చల్లబడునవి కొన్ని గలవు. వానికి ఈ ధార యుండదు, ఈ పాఠమును వర్తింపదు.

మోటారు నడువనారంభింపగానే చూడవలసినది ఈ ధారనే. కొన్ని క్షణములలో అది రావలెను. కొన్ని మోటారులకు అర నిమిషము పట్టును. ధార సన్నగిల్లుట, తెగి తెగి పడుట, నీటికి బదులు ఆవిరి వచ్చుట మొదటి గుర్తులు. పిమ్మట రంగు కాలిన వాసన వచ్చును, బలము తగ్గును, మోటారు మూల్గుచు ఆగును. అప్పటికి లోపల పిస్టను సిలిండరును ఒరయుచుండును. అనుమానము కలిగినచో మోటారును ఆపి, మూత తీసి, సిలిండరు తలపై ఒక్క నీటిచుక్క వేయుడు. చుక్క మెల్లగా ఆరినచో భయము లేదు. చుయ్యిమని ఎగిరినచో లోహము నూరు డిగ్రీలు దాటినదని యర్థము. మోటారు నడుచుచుండగా మాత్రము మూత తీయరాదు. తిరుగు చక్రము పైపంచెను లాగుకొనును.

నడియేట ధార ఆగినపుడు మోటారును మఱింత పరుగెత్తించి ఒడ్డు పట్టుదమని తలచుట సహజము. దానితోనే మోటారులు చచ్చును. వేగమును పూర్తిగా తగ్గింపుడు. వెనుకకు నడుచు గేరు ఉన్నచో కొన్ని క్షణములు వెనుకకు నడుపుడు. జల్లెడకు అతుకుకొన్న నాచో, గుఱ్ఱపుడెక్క వేళ్లో, ప్లాస్టిక్ సంచియో ఊడిపోవచ్చును. అప్పటికిని ధార రానిచో మోటారు ఆపి, లంగరు వేసి, కాలిని పైకెత్తి జల్లెడను చూడవలెను. అయితే ప్రవాహమునకు లంగరు పట్టకున్నను, ఎదుట వంతెన స్తంభమో సుడియో ఉన్నను మోటారును గూర్చి ఆలోచింపరాదు. అది కాలిపోయిన పోనిండు. మనుష్యులను ఒడ్డు చేర్పుడు.

వేడెక్కిన మోటారుపై చన్నీళ్లు గుమ్మరింపరాదు. కాగిన పెంకుపై నీరు పోసినట్లు లోహము బీటవారును, లేదా వంకరపోవును. దానంతటదే చల్లారిన పిమ్మట త్రాడును మెల్లగా లాగి చూడుడు. సులువుగా తిరిగినచో బ్రదికినది. బిగిసియున్నచో బలవంతము చేయక తెడ్లు పట్టవలెను.

ఒడ్డునకు వచ్చి కారణము వెదకునపుడు సులువైనదానిని ముందును, స్పానరు పట్టవలసినదానిని తరువాతను చూడవలెను. జల్లెడ శుభ్రముగానే యున్నచో మోటారు ఎంత ఎత్తున తగిలింపబడినదో చూడుడు. పంకాకు పైనుండు బల్లపరుపు రేకు పడవ అడుగుతో ఇంచుమించు సమముగా నుండవలెను. మోటారు అంతకు మిక్కిలి పైకున్నను, బస్తాలన్నియు ముందుభాగమున వేయగా వెనుక కొస పైకి లేచినను, జల్లెడ నీటికి బదులు గాలిని పీల్చును. సరకు దించిన పడవ తిరుగుప్రయాణమున మాత్రమే వేడెక్కుచున్నదన్నచో మొదట అనుమానింపవలసినది దీనినే.

ఇక సాక్షియే అబద్ధమాడుట కలదు. ధార పడు రంధ్రము సన్ననిది. ఇసుక, కుమ్మరిపురుగు కట్టిన మట్టి దానిని మూయును. అప్పుడు లోపల నీరు చక్కగా తిరుగుచున్నను ధార రాదు. సన్నని తీగతో పొడిచి చూడుడు. రంధ్రమునకు లోపల తగిలించిన రబ్బరుగొట్టమును ఊడదీసి మోటారును ఒక్క క్షణము నడిపినపుడు గొట్టమునుండి నీరు బలముగా వచ్చినచో దోషము రంధ్రములోనిదే. ఇంత చిన్న పనికి మోటారును బస్సుపై వేసి పట్టణమునకు పంపుట కద్దు.

తక్కినవన్నియు ఒక యెత్తు, రబ్బరు చక్రము ఒక యెత్తు. దానికి నీరే చమురు. నీరు లేక తిరిగినచో కొద్ది క్షణములలోనే రేకుల అంచులు కాలును. కావున ఒడ్డుపై నుంచి “పలుకునో లేదో చూతము” అని త్రాడు లాగుట మిగుల చెఱుపు. పరీక్షింపవలెనన్నచో పెద్ద పీపాలో నీరు నింపి, జల్లెడకు చాల పైవఱకు కాలిని ముంచి, గేరు లేకుండ మెల్లగా నడుపవలెను. న్యూట్రలు లేని మోటారునకు పంకాను ముందే ఊడదీయవలెను. ఈ పని ఆరుబయటనే చేయవలెను గాని కొట్టములో చేయరాదు. పొగలోని విషవాయువునకు వాసన లేదు.

వరదనీటి ఒండ్రు, ఇసుక ఈ చక్రమును ఆకురాయివలె అరగదీయును. రేవులో మోకాలిలోతు నీటిలోనే మోటారు నడిపినచో పంకా అడుగు ఇసుకను లేపి జల్లెడకు అందించును. గడతో నెట్టి నడుములోతునకు పోయిన పిమ్మటనే నడుపుడు. నెలల తరబడి కదలక యున్న మోటారులో రేకులు వంగిన చోటనే బిగిసి తిరిగి విచ్చుకొనవు. చూపునకు బాగున్నను ఏడాదికొకమారు చక్రమును మార్చుట మేలు. ఇసుకనీట నిత్యము నడుచుదానికి ఇంకను ముందుగానే మార్చవలెను.

మార్చునపుడు మూడు జాగ్రత్తలు మఱువరాదు. పాత చక్రపు రేకులను లెక్కింపుడు. ఒకటి విఱిగి కనబడనిచో అది పైకి పోయి ఏదో దారిలో అడ్డుపడియుండును. అది దొరకువఱకు కొత్త చక్రము పెట్టి ప్రయోజనము లేదు. రెండవది, కొత్తదానికి సబ్బునీరు రాచి, కడ్డీ తిరుగు దిక్కుననే త్రిప్పుచు గిన్నెను అదుముడు. రేకులు సరియైన ప్రక్కకు ఒరగును. చక్రమును కడ్డీతో బంధించు చిన్న చీల జారిపోకుండ చూచుకొనవలెను. మూడవది, కాలిని తిరిగి ఎక్కించునపుడు నీటిగొట్టము కొస దాని రబ్బరు మూతిలో కూర్చుండినదో లేదో తడిమి చూడుడు. ఒక లంకలో కొత్త చక్రము వేయించి తెచ్చిన మోటారు మొదటి దినముననే వేడెక్కగా నేను విప్పించి చూచితిని. గొట్టము మూతికి ప్రక్కగా నిలిచియుండెను. చక్రము తోడిన నీరంతయు కాలిలోపలనే ఒలికిపోవుచుండెను. కొత్త సామాను వేయించితిమి గదా యని యజమాని ధారను చూడనేలేదు.

చక్రము బాగుండియు వేడి తగ్గనిచో థర్మోస్టాటును చూడవలెను. ఇది మైనము వ్యాకోచించుటచే తెఱచుకొను చిన్న తలుపు. పెక్కు మోటారులలో 50 మొదలు 60 డిగ్రీల ప్రాంతమున తెఱచుకొనును. మిక్కిలి చిన్నవానిలో ఇది యుండకపోవచ్చును. దీనిని త్రాడున కట్టి గిన్నెడు నీటిలో వ్రేలాడదీసి పొయ్యిపై పెట్టుడు. నీరు తెర్లునప్పటికిని తెఱచుకొననిచో పాఱవేసి మఱియొకటి కొనవలెను. దారులలో ఉప్పు, ఒండ్రు గట్టిపడుట, సిలిండరు తలక్రింది గాస్కెట్టు కాలుట మెకానిక్కు పనులు.

నీటి దోషము లేకయు మోటారు వేడెక్కవచ్చును. రెండు దెబ్బల మోటారులో పెట్రోలుతో కలుపు నూనె తగ్గినచో రాపిడి పెరుగును. అనేక మోటారులకు లీటరుకు 20 మిల్లీలీటర్లు పరిమాణము. మీ మోటారు పుస్తకమున ఎంత యున్నదో అంతయే పోయవలెను గాని కంటితో కొలువరాదు.

సంఘపు పడవకు నడుపువారు నలుగురుందురు. చక్రమును ఎవరో చూచియుందురని ప్రతివాడును తలచును. ఒక నోటుపుస్తకము పెట్టి నడిచిన గంటలు, చక్రము మార్చిన తేదీ వ్రాయుడు. సముద్రపుపోటు తగులు అంతర్వేది, యానాం ప్రాంతములవారు ఉప్పునీట నడిపిన ప్రతిదినము సాయంత్రము మంచినీటి పీపాలో పది నిమిషములు నడిపి, నీరంతయు కారిపోవునట్లు మోటారును నిలువుగా నుంచవలెను. పడవలో గడ, రెండు తెడ్లు, లంగరు, స్పానరులు, ఒక సన్నని తీగ, విడిగా ఒక రబ్బరు చక్రము ఎల్లప్పుడు నుండవలెను.